పెరట్లో చెక్క ట్రెల్లిస్ పెడుతున్నారా? ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాన కాదు.. గాలి, చెదలే అసలు ముప్పు! కొనేముందు ఇవి చూసుకోండి

ఫోన్‌లో గార్డెన్ వీడియోలు చూస్తుంటే ఒక్కటి కామన్‌గా కనిపిస్తుంది. తెల్లటి గోడ, దాని ముందు చతురస్రాల గళ్లున్న చెక్క ఫ్రేమ్, దాని నిండా పూల తీగ. దాన్నే ట్రెల్లిస్ ప్యానెల్ అంటున్నారు. మన ఊళ్లలో తడిక, దడి, తీగ పందిరి అని చెప్పుకునే కుటుంబంలోదే ఇదీ. కాకపోతే నీటుగా, వడ్రంగి పనితనంతో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వచ్చేస్తుంది.

అసలు సమస్య ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ వీడియోల్లో చాలావరకు యూరప్‌లోనో, అమెరికాలోనో, లేదంటే బాగా వానలు పడే ఊళ్లలోనో తీసినవి. అక్కడ చెక్కకు శత్రువు తేమ. అందుకే వాళ్లు చెప్పే జాగ్రత్తలన్నీ చెక్క కుళ్లకుండా చూసుకోవడం గురించే ఉంటాయి. కర్నూలు జిల్లా పడమటి వైపు, అంటే ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి, పత్తికొండ ప్రాంతంలో లెక్క వేరు. ఇక్కడ చెక్కను పాడుచేసేవి మూడు. కింద నుంచి చెదలు, పై నుంచి ఎండ, పక్క నుంచి గాలి. ఈ మూడింటికీ తగ్గట్టు పెట్టకపోతే ప్యానెల్ ఎంత ఖరీదైనదైనా ఒకట్రెండు సీజన్లకే నేలకొరుగుతుంది. పిల్లలు ఆడుకునే చోట పడితే దెబ్బలూ తగులుతాయి.

మరి ఏ చెక్క తీసుకోవాలి? ఎంత సైజు? ఎటువైపు పెట్టాలి? ఏ తీగ ఎక్కించాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎప్పుడు పెట్టాలి? ఉగాదికీ మృగశిరకూ మధ్య

ఆస్పరి మండలం కైరుప్పల అనగానే అందరికీ గుర్తొచ్చేది పిడకల సమరం. ఉగాది మరుసటి రోజు ఊరు రెండు వర్గాలుగా విడిపోయి పిడకలు విసురుకునే ఆచారం అది. ఆ సందడి ముగిసిందంటే ఈ ప్రాంతంలో ఎండలు ముదిరినట్టే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వస్తుంది. దాంతో పాటే పడమటి గాలి మొదలవుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ గాలి ఆగదు. కర్నూలు, అనంతపురం జిల్లాల మెట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు మరి.

కాబట్టి ప్యానెల్ బిగించే పనికి ఉగాది తర్వాత, మృగశిరకు ముందు ఉన్న రెండు నెలలే మంచి టైమ్. నేల పొడిగా ఉంటుంది. చెక్క ఎండిపోయి ఉంటుంది. పూసిన నూనె బాగా ఇంకుతుంది. తొలకరి పడగానే విత్తనం పెడితే, తీగ ఎక్కేనాటికి స్తంభం గట్టిగా కుదురుకుని ఉంటుంది. తీగ ఎదిగాక స్తంభం పాతుదాంలే అనుకుంటే వేర్లూ తెగుతాయి, పనీ చెడుతుంది.

ఎటువైపు పెట్టాలి? ఇక్కడే ఉంది అసలు చిక్కు

ఇంగ్లండ్ లాంటి చోట్ల ట్రెల్లిస్‌ను ఎండ బాగా తగిలే దక్షిణం గోడకు పెడతారు. మొక్కకు వెచ్చదనం దొరకాలని వాళ్ల తాపత్రయం. మనకు కావాల్సింది దీనికి పూర్తి రివర్స్. ఇంటికి నీడ కావాలి.

ఆదోని దాదాపు 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు రెండో వారం దరిదాపుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. ఆ టైమ్‌లో నిలువుగా పెట్టిన ఏ ప్యానెల్ అయినా నీడ ఇవ్వదు. 12 గంటల ఎండకు నీడ కావాలంటే తల మీద పందిరి వేయాల్సిందే, వేరే దారి లేదు.

అయితే మధ్యాహ్నం దాటాక కథ మారుతుంది. మే మొదట్లో 6 అడుగుల ఎత్తున్న ప్యానెల్ నీడ 2 గంటలకు దాదాపు 3 అడుగులే పడుతుంది. 4 గంటలకు 8 అడుగులు దాటుతుంది. సాయంత్రం ఎండకు కాలిపోయే పడమటి గోడ, రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కే గోడ, దీనికి సరైన చోటు అదే. పడమర వైపు గదిలో పడుకోలేకపోతున్న వాళ్లకు ట్రెల్లిస్ నిజంగా పనికొస్తుంది.

చిక్కు ఏంటంటే.. ఎండ ఎటు నుంచి వస్తుందో వానాకాలం గాలీ అటు నుంచే వస్తుంది. నీడ కోసం పడమర పెట్టక తప్పదు, పెడితే గాలికి ఎదురు నిలబడాల్సింది కూడా అదే ప్యానెల్. అందుకే ఇక్కడ ప్యానెల్ అందం కన్నా స్తంభం బలమే ముఖ్యం.

గాలి ఎంత బలంగా తోస్తుంది? ఓ చిన్న లెక్క

6 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్యానెల్ తీసుకుందాం. మొత్తం 24 చదరపు అడుగులు. ఖాళీగా ఉన్నప్పుడు గళ్ల గుండా గాలి వెళ్లిపోతుంది. చెక్క అడ్డుపడేది సగం కన్నా తక్కువే. కానీ తీగ నిండా అల్లుకున్నాక అది దాదాపు గోడ లాంటిదే. పడవకు కట్టిన తెరచాపలా గాలిని పట్టేస్తుంది.

ఇళ్లు కట్టే ఇంజినీర్లు వాడే మామూలు సూత్రంతో లెక్కేస్తే, గంటకు 50 కిలోమీటర్ల గాలి ఆ నిండు ప్యానెల్ మీద దాదాపు 26 కిలోల బరువుతో తోస్తుంది. గాలి 75 కిలోమీటర్లకు పెరిగితే అది దాదాపు 60 కిలోలు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే తోపు రెండు రెట్లు దాటిపోతుందన్న మాట. ప్యానెల్ సొంత బరువు చూస్తే 15 కిలోల దగ్గరే. ఆ బరువు దాన్ని నిలబెట్టలేదు.

పైగా ఆ తోపు నేల దగ్గర కాదు, ప్యానెల్ నడుము దగ్గర పడుతుంది. గడారితో రాయిని పెకలించినట్టు స్తంభాన్ని మొదట్లో పెకలిస్తుంది. ప్యానెల్ విరగడం తక్కువ. స్తంభం వదులై మొత్తంగా ఒరిగిపోవడమే ఎక్కువ.

ఏ చెక్క బెస్ట్? చేవ చూసి కొనండి

చెక్క పేరు కన్నా ముందు చూడాల్సింది చేవ. చెట్టు నడిమధ్యన ముదురు రంగులో ఉండే గట్టి భాగమే చేవ. బెరడు పక్కన ఉండే లేత రంగు భాగానికి చెదలు, పుచ్చు తొందరగా పడతాయి. టేకు అని చెప్పి లేత భాగం అంటగడితే పేరుకే టేకు. బద్ద రెండు వైపులా తిప్పి చూడండి. ఒక అంచు తెల్లగా, ఇంకో అంచు ముదురుగా ఉంటే అందులో లేత భాగం కలిసిందని అర్థం.

* టేకు: చేవ భాగానికి చెదలు అంత తేలిగ్గా పట్టవు. ఎండకు వంకర తిరగడం కూడా తక్కువ. కానీ రేటు ఎక్కువ. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దర్వాజాలు, కిటికీ చట్రాల టేకు దొరికితే వదులుకోకండి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క అది, ఇక వంకర పోయేది ఉండదు.

* వేప: మన దగ్గర సులువుగా దొరుకుతుంది. వేపకు చెద పట్టదని చాలామంది అంటారు. అది సగం నిజమే. చేవ కొంతవరకు తట్టుకుంటుంది, లేత భాగం తట్టుకోదు. పచ్చిగా కోయిస్తే ఎండకు మెలి తిరిగి, చీలిపోతుంది. కోయించాక నీడలో, బద్దల మధ్య గాలి ఆడేలా పేర్చి, కొన్ని నెలలు ఆరనివ్వాలి.

* నల్లతుమ్మ: బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన చెక్క. గట్టిదనంలో దీనికి తిరుగులేదు. మేకు దిగదు. ముందు డ్రిల్లింగ్ మెషిన్‌తో రంధ్రం వేసి స్క్రూ బిగించాలి. ఫ్రేమ్‌కు బాగుంటుంది, సన్న బద్దలకు కష్టం.

* సరుగుడు, జామాయిలు: నిటారు గుంజలు, రేటూ తక్కువే. కానీ మట్టిలో పాతితే చెదలకు విందు భోజనమే. నేలకు తగలకుండా పైన మాత్రమే వాడుకోండి.

* వెదురు: చవక, తేలిక. మందు పట్టించని వెదురు మట్టిలో పాతితే ఒకటి నుంచి మూడేళ్లలోపే పోతుంది. అందులోని పిండి పదార్థం కోసం పుచ్చు పురుగు చేరుతుంది. కోసిన వెదురును కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టే పాత పద్ధతి అందుకే పుట్టింది. ఆ పిండి పదార్థం చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది.

* ఆన్‌లైన్ పైన్ చెక్క ప్యానెళ్లు: చూడటానికి బాగుంటాయి, తేలిగ్గా ఉంటాయి. మెత్తటి చెక్క కాబట్టి చెదలకు ఇష్టం. చెదల మందు పట్టించారో లేదో వివరాల్లో రాసి ఉందేమో చూడండి. రాయకపోతే పట్టించలేదనే అనుకోండి. లాగితే సాగే, వదిలితే ముడుచుకునే సన్న జాలీలు కుండీలో బచ్చలికి సరిపోతాయి. పడమటి గాలికి అవి ఆగవు.

మరి పత్తి కట్టె సంగతేంటి? ఆదోని అంటేనే పత్తి మార్కెట్. చేలల్లో పత్తి కట్టె కావాల్సినంత దొరుకుతుంది. దాంతో దడి కట్టేద్దాం అనిపిస్తుంది. కానీ ఆ కట్టెలో, ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని తర్వాతి పంటకు చేరుతుంది. పంట అయ్యాక కట్టె తీసేయమని వ్యవసాయ శాఖ చెప్పేది అందుకే. పక్కన పత్తి చేను ఉన్నవాళ్లు పెరట్లో ఆ దడి పెట్టకపోవడమే మంచిది. కంది కట్టెతో ఆ బాధ లేదు, ఒక సీజన్‌కు చక్కగా పనికొస్తుంది.

ఇంకో మాట. పెరట్లో వేప చెట్టు ఉంది కదా, కొట్టించి కోయిద్దాం అనుకుంటే ఆగండి. చెట్లు నరకడానికి ఏపీ వాల్టా చట్టం 2002 నిబంధనలు ఉన్నాయి. ముందు అటవీ శాఖ వాళ్లను అడిగి తెలుసుకోండి. నీడ కోసం చెట్టును కొట్టేసి ట్రెల్లిస్ పెట్టుకోవడం కన్నా చెట్టునే ఉంచుకోవడం లాభం కూడా.

వడ్లాయనకు ఏమని చెప్పాలి?

రెడీమేడ్ వద్దు, ఊళ్లోనే చేయించుకుంటాం అంటే ఈ కొలతలు చూపించండి.

* ప్యానెల్ సైజు: ఎత్తు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు.
* చుట్టూ ఫ్రేమ్: 2 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. మొత్తం 20 అడుగులు.
* లోపలి బద్దలు: అంగుళం వెడల్పు, అర అంగుళం మందం.
* నిలువు బద్దలు 8, అడ్డ బద్దలు 12. బద్దకూ బద్దకూ మధ్య దాదాపు 4 అంగుళాల ఖాళీ వస్తుంది.
* బద్దల మొత్తం పొడవు: 96 అడుగులు.

ఇదంతా కలిపితే ముప్పావు ఘనపుటడుగు చెక్క. కోతలో పోయేది కలుపుకుని ఒక ఘనపుటడుగు అనుకోండి. సామిల్లులో ఘనపుటడుగు రేటు కనుక్కుంటే చెక్క ఖర్చు వెంటనే తేలిపోతుంది. దానికి కూలి, స్క్రూలు, నూనె కలపండి. ఆ మొత్తాన్ని ఆన్‌లైన్ రేటుతో పోల్చి చూసుకోండి. పోల్చేటప్పుడు బద్ద మందం ఎంతో కూడా చూడాలి. ఆన్‌లైన్ ప్యానెల్ బద్ద పెన్సిల్ కన్నా సన్నగా ఉంటే, రేటు తక్కువని మురిసిపోవడానికి ఏమీ లేదు.

మేకులు వద్దు, స్క్రూలే కావాలని గట్టిగా చెప్పండి. ఎండకు చెక్క కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. ఈ కదలికకు మేకు మెల్లగా బయటికొచ్చేస్తుంది. తుప్పు పట్టని జీఐ లేదా స్టీల్ స్క్రూ అయితే పట్టు వదలదు. వదులైనా మళ్లీ బిగించుకోవచ్చు.

స్తంభం.. ఇదే అసలు పాయింట్

ఈ ప్రాంతంలో చాలాచోట్ల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం ఉబ్బుతుంది. అడుగు లోతున పాతిన గుంజ ఏడాది తిరిగేసరికి ఊగిపోతుంటుంది. దాన్ని పట్టుకోవాల్సిన మట్టే జరిగిపోతే గుంజ ఏం చేస్తుంది?

రెండున్నర అడుగుల లోతు గుంత తీయాలి. నేల నుంచి జానెడు ఖాళీ వదిలి, పైన 6 అడుగుల ప్యానెల్ రావాలంటే స్తంభం పొడవు 9 అడుగులు ఉండాలి. గుంతలోంచి తీసిన నల్లమట్టిని మళ్లీ అందులోనే పోయకండి. మొరం, కంకర రాళ్లు పోసి, జానెడుకోసారి గడారితో కుమ్ముతూ నింపండి. మొరం నీళ్లను నిలవనీయదు, ఉబ్బదు, కుంచించుకుపోదు.

దీనికన్నా మంచి దారి ఒకటి మన కళ్ల ముందే ఉంది. అదే రాతి స్తంభం. రాయలసీమలో పొలం కంచెలకు, ద్రాక్ష పందిళ్లకు ఎప్పటి నుంచో వాడుతున్నదే. నేలలో రాయి, నేలపైన చెక్క. ఇలా చేస్తే చెక్కకు మట్టి తగలదు. స్తంభం కుళ్లదు, చెదలు తినవు. రాతికి రంధ్రం కొట్టించి బోల్టు వేయించవచ్చు. అది కుదరకపోతే ఇనుప క్లాంపులతో బిగించండి. రాయికీ చెక్కకూ మధ్య పాత సైకిల్ ట్యూబ్ ముక్క పెడితే రాపిడికి చెక్క అరగదు.

రాయి ఉంది కదా, చెదల భయం లేదనుకోవద్దు. చెదలు రాయి మీద నుంచి కూడా మట్టితో సన్నటి దారి కట్టుకుంటూ పైకి పాకుతాయి. నెలకోసారి స్తంభాన్ని కింద నుంచి పైదాకా చూడండి. మట్టి గీత కనిపిస్తే పుల్లతో గీకేయండి. ఖర్చు లేని పని ఇది. అలాగే మొక్క మొదట్లో తేమ ఆరకుండా వేరుశనగ పొట్టు పరిచే అలవాటు ఉంటే, ఆ పొట్టు చెక్కకు తగలకుండా అడుగు దూరంలో ఆపేయండి. లేదంటే చెదలకు మనమే దారి వేసినట్టు అవుతుంది.

గోడకు బిగిస్తున్నారా? గ్యాప్ ఇవ్వండి

ప్యానెల్‌ను గోడకు అతికించినట్టు బిగిస్తే మూడు నష్టాలు. వెనక గాలి ఆడదు. గోడ వేడికి తీగ మాడుతుంది. చెదలు, తేళ్లు చేరినా కనపడవు. కనీసం 3 అంగుళాల చెక్క దిమ్మలు పెట్టి, వాటి మీద ప్యానెల్ బిగించండి.

ఇంకో చిట్కా. కింద వైపు బందులు, అంటే తలుపుకు వేసేవే, వేయించండి. పైన మాత్రం బోల్టులు. పండక్కి సున్నం వేయాల్సి వచ్చినప్పుడు పై బోల్టులు విప్పి, తీగతో సహా ప్యానెల్‌ను మెల్లగా ముందుకు వంచుకోవచ్చు. తీగ తెంచాల్సిన పని ఉండదు.

మిద్దె మీద పెట్టే వాళ్లు ఇది తప్పక చదవండి

నేల మీద కన్నా మిద్దె మీద గాలి ఎక్కువ. స్తంభం పాతడానికి మట్టీ ఉండదు. పిట్టగోడకు బిగిస్తే సరిపోతుంది అనుకుంటారు. సన్న పిట్టగోడ 60 కిలోల తోపుకు తట్టుకుంటుందన్న గ్యారంటీ లేదు. ఇటుకతో సహా ఊడి వీధిలో పడితే కింద నడిచే వాళ్ల ప్రాణాలకే ముప్పు.

* వీధి వైపు అసలు పెట్టకండి. మిద్దె లోపలి వైపు, మెట్ల గది గోడకు బిగించడం సేఫ్.
* ఎత్తు 4 అడుగులు దాటనివ్వకండి.
* జూన్‌కు ముందు తీగను పలచగా కత్తిరించండి. గాలి వెళ్లే దారి ఉంటే తోపు తగ్గుతుంది.
* పాత మట్టి మిద్దెల మీద ఇలాంటివి వద్దే వద్దు. పై మట్టిని తవ్వినా, బరువు మోపినా వాన నీళ్లు ఇంట్లోకి దిగుతాయి. దూలాలు కూడా దెబ్బతింటాయి.

ఏ తీగకు ఏ ట్రెల్లిస్?

తీగలన్నీ ఒకేలా ఎక్కవు. అవి ఎలా పట్టుకుంటాయో తెలిస్తే ప్యానెల్ ఎంపిక ఈజీ.

* నులితీగలతో పట్టుకునేవి: కాకర, బీర, దొండ, సొర, పొట్ల. వీటి నులితీగ సన్న పుల్లను చుట్టుకుంటుంది. బద్ద మరీ వెడల్పైతే చుట్టుకోలేదు. అంగుళం బద్దకు ఇబ్బంది పడుతుంటే మధ్యలో పురికొస అల్లండి.

* ఒళ్లంతా చుట్టుకునేవి: చిక్కుడు, శంఖుపుష్పం, తీగ బచ్చలి. వీటికి నిలువు బద్దలు ముఖ్యం. శంఖుపుష్పం తేలిక, నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది. మొదటిసారి పెడుతున్న వాళ్లకు మంచి ఎంపిక.

* మనం కట్టాల్సినవి: కాగితం పూల చెట్టు తనంతట తాను ఎక్కదు, ముళ్లతో ఆనుకుంటుంది. రాధామనోహరం రెండు మూడేళ్లలో బాగా బరువెక్కుతుంది. వీటికి 2 అంగుళాల ఫ్రేమ్ చాలదు, ఇంకా బలమైన ఆధారం కావాలి.

సొర, గుమ్మడి, పొట్ల కాయలు వేలాడటానికి చోటు కావాలి. వీటికి నిలువు ప్యానెల్ కన్నా పాత పందిరే మేలు. తమలపాకుకు నీడ, తేమ కావాలి. పడమటి ఎండలో పెడితే మాడిపోతుంది.

మరి ఇనుప జాలీ పెడితే సరిపోదా? పెట్టొచ్చు. కానీ మే నెల ఎండకు ఉత్త ఇనుము చురుక్కుమంటుంది. లేత నులితీగలు దాని మీద కమిలిపోతాయి. చెక్క అంతగా వేడెక్కదు. ఈ ప్రాంతంలో చెక్కకు ఉన్న అసలు ప్లస్ పాయింట్ ఇదే.

తీగను కట్టడానికి నైలాన్ తాడు, బైండింగ్ వైర్ వాడకండి. కాండం లావయ్యే కొద్దీ కోసుకుపోతుంది. చేనేతకు పేరున్న ఎమ్మిగనూరు వైపు ఇళ్లలో పాత నూలు చీరలు, పంచెలకు కొదవ ఉండదు. వేలెడు వెడల్పు పేలికలు చించి, ఎనిమిది అంకెలా వదులుగా ముడి వేస్తే చాలు.

పైన ఏం పూయాలి? ఏం పూయకూడదు?

మెకానిక్ షెడ్డు నుంచి వాడేసిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి పూసే అలవాటు చాలాచోట్ల ఉంది. చెదలు రావని నమ్మకం. కానీ అందులో లోహాల అవశేషాలు, క్యాన్సర్ కారక పదార్థాలు ఉంటాయి. వానకు కారి మట్టిలో కలుస్తాయి. తినే కాకర, బచ్చలి పక్కన అది వద్దు. కూరగాయల మడిలో చెదల మందు పోయడం కూడా అంతే ప్రమాదం.

* బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం: వెదురుకు, లేత చెక్కకు పురుగు పట్టకుండా పనిచేస్తుంది. అయితే నీళ్లలో కరిగే మందు కాబట్టి వానకు కొట్టుకుపోతుంది. ఆరాక పైన నూనెో పెయింటో తప్పనిసరి. మిగిలిన ద్రావణాన్ని మొక్కల్లో పారబోయకండి, బోరాన్ ఎక్కువైతే మొక్క చస్తుంది.

* అవిసె నూనె: పెయింట్ షాపులో లిన్సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. ఎండకు చెక్క పగలకుండా కాపాడుతుంది. ఏటా ఎండాకాలం ముందు ఒక పూత వేయాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ నూనె పూసిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే వేడెక్కి తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. గుడ్డను పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

* పెయింట్: లేత రంగులు వేసుకోండి, ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది. పాత దర్వాజాల చెక్క వాడుతుంటే దాని మీది పాత రంగుతో జాగ్రత్త. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకకండి. తడిపి, మాస్క్ పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి గీకండి.

నీళ్లు లేని ఊళ్లో ఇదంతా అవసరమా?

న్యాయమైన ప్రశ్నే. ఆస్పరి, ఆదోని వైపు ఎండాకాలం బిందె నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లు ఉన్నాయి. అక్కడ పూల కోసం నీళ్లు పోయమని ఎవరూ చెప్పరు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్‌లో పడితే ఒకట్రెండు తీగలు బతుకుతాయి. అందుకే ఒకేసారి గోడంతా ప్యానెళ్లు వేయించకండి. ముందు ఒక్కటి వేసి చూడండి. మే నెలలో ఆ మొక్కకు నీళ్లు అందించగలిగితేనే రెండోదాని సంగతి. దొండ, శంఖుపుష్పం లాంటివి తక్కువ నీటితో నెట్టుకొస్తాయి. తీగ మొదట్లో ముళ్ల కంప వేయడం మరచిపోవద్దు. లేదంటే మేకలు ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి. అయితే ఆ కంపను చెక్కకు ఆనించకండి. చెత్త పేరుకుంటే ఎలుకలు, వాటి వెంట పాములు చేరతాయి. ప్యానెల్ కింద జానెడు ఖాళీ ఎప్పుడూ శుభ్రంగా కనబడాలి.

కొనే ముందు ఈ 7 చెక్ చేసుకోండి

1. బద్దలో చేవ ఎంత, లేత భాగం ఎంత?
2. చెక్క ఆరిందా, పచ్చిగా ఉందా? పచ్చిదైతే చేతికి బరువుగా, చల్లగా తగులుతుంది.
3. మేకులా, స్క్రూలా?
4. స్తంభం పొడవు 9 అడుగులు ఉందా? రాతి స్తంభం దొరుకుతుందా?
5. చెక్క ఎక్కడైనా మట్టికి తగులుతోందా?
6. గోడకూ ప్యానెల్‌కూ మధ్య 3 అంగుళాలు ఉందా?
7. ఎక్కించబోయే తీగ బరువుకు ఈ ఫ్రేమ్ ఆగుతుందా?

బిగించాక ఇంకో పరీక్ష ఉంది. ప్యానెల్ పై అంచు పట్టుకుని గట్టిగా ముందుకూ వెనక్కూ ఊపండి. మొదట్లో మట్టి కదిలితే స్తంభాన్ని మళ్లీ కుమ్మాల్సిందే. ఇప్పుడు చేతికే కదిలేది, మృగశిర గాలికి ఆగదు. డబ్బులు తక్కువుంటే ప్యానెల్‌లో తగ్గించుకోండి, కంది కట్టె, వెదురు తడిక అయినా ఫర్వాలేదు. స్తంభంలో మాత్రం తగ్గించకండి. పై తడిక పాడైతే ఏడాదికి ఒకసారి మార్చుకోవచ్చు. గట్టి రాతి స్తంభం ఒక్కసారి పాతితే ఎన్ని తడికలనైనా మోస్తుంది.